పాఠం 7: చిన్న మరమనిషికి భూకంప రక్షణ

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వచ్చే భూకంపాల స్వభావాన్ని వివరించగలుగుతారు.
- నిలబడి ఉన్న వస్తువు ఎంత కుదుపుకు ఒరగడం మొదలుపెడుతుందో లెక్క కట్టగలుగుతారు.
- ఇంట్లో తయారు చేసుకున్న మానవాకార రోబోను ఎక్కడ, ఏ భంగిమలో ఉంచాలో నిర్ణయించగలుగుతారు.
- భూమి కంపిస్తున్నప్పుడు, కంపించిన తరవాత చేయవలసిన పనులను, చేయకూడని పనులను చెప్పగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

మనిషిలాగా రెండు కాళ్లు, రెండు చేతులు, తల ఉన్న రోబోను మానవాకార రోబో అంటాం. తెలుగులో మరమనిషి అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఒకప్పుడు ఇటువంటివి పెద్ద ప్రయోగశాలల్లోనే ఉండేవి. జపాన్‌లో 2002లో రోబో-వన్ అనే పోటీ మొదలైంది. అందులో ఔత్సాహికులు సొంతంగా తయారు చేసుకున్న రెండు కాళ్ల రోబోలు ఒకదానితో ఒకటి తలపడతాయి. 2004లో కొండో కంపెనీ 17 సర్వో మోటార్లున్న కె.హెచ్.ఆర్.-1 కిట్టును అమ్మకానికి తెచ్చింది. దాని ఎత్తు సుమారు 34 సెం.మీ., బరువు సుమారు కిలోంపావు. 2010లో వచ్చిన డార్విన్-ఓపీ ఎత్తు సుమారు 45 సెం.మీ., బరువు మూడు కిలోల లోపు, మోటార్లు 20. ఇప్పుడు అల్యూమినియం పట్టీలు, సర్వో మోటార్లు, చిన్న కంట్రోలర్ బోర్డు తెప్పించుకొని ఇంట్లోనే రోబోను బిగించుకునే విద్యార్థులు మన జిల్లాల్లోనూ ఉన్నారు.

మన ప్రాంతానికి మరమనిషితో మరో సంబంధం కూడా ఉంది. ఇస్రో 2020 జనవరిలో బెంగళూరులో చూపించిన వ్యోమమిత్ర నడుము పైభాగం మాత్రమే ఉన్న మానవాకార రోబో. గగనయాన్ కార్యక్రమం కోసం తయారైన దీనిని శ్రీహరికోట నుంచి పంపాలన్నది సంకల్పం. శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలో ఉంది. రాకెట్ కుదుపులను తట్టుకునేలా అందులోని ప్రతి భాగాన్నీ ముందుగానే కంపన పరీక్షలకు గురిచేస్తారు. మన బల్ల మీది రోబోకు అటువంటి పరీక్షలు ఉండవు. కాని ఆ పరీక్షల వెనుక ఉన్న ప్రశ్న మనకూ వర్తిస్తుంది: కింద ఉన్న ఆధారం కదిలినప్పుడు పైన ఉన్న వస్తువు ఏమవుతుంది?

ఈ పాఠమంతటికీ వర్తించే మొదటి సూత్రాన్ని ఇక్కడే చెప్పుకుందాం. భూమి కంపిస్తున్నప్పుడు రోబోను కాపాడటానికి ఎవరూ ప్రయత్నించకూడదు. ఆ సమయంలో మనిషి తనను తాను కాపాడుకోవాలి. రోబో రక్షణ అంతా కంపనానికి ముందే, మామూలు రోజుల్లోనే పూర్తయి ఉండాలి. కిందటి నెల కూడబెట్టిన డబ్బుతో కొన్న మోటార్లు కళ్లముందు పడిపోతుంటే చేయి దానంతట అదే ముందుకు చాస్తుంది. ఆ అవసరమే రాకుండా చూసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

7.2 మన ప్రాంతం, మన భూకంపాలు

దక్షిణ భారత ద్వీపకల్పం గట్టి, పురాతన శిలలతో ఏర్పడింది. హిమాలయ ప్రాంతంతో పోల్చితే ఇక్కడ భూకంపాలు తక్కువ. తక్కువ అంటే అసలు లేవని కాదు. కింది వివరాలు చూడండి.

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 పరిమాణం గల భూకంపం వచ్చింది. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి దూరంగా సముద్రంలో వచ్చిన భూకంపం పరిమాణం 5.5. దాని కుదుపులు చెన్నైలో స్పష్టంగా తెలిశాయి. 2021 నవంబరు భారీ వర్షాల తరవాత చిత్తూరు జిల్లా పడమటి అంచున రామకుప్పం మండలంలో శబ్దాలతో కూడిన చిన్న ప్రకంపనలు ప్రజలను భయపెట్టాయి. అదే నెల 29న వేకువన వేలూరుకు పశ్చిమ నైరుతిగా 59 కి.మీ. దూరంలో 3.6 పరిమాణం గల భూకంపం నమోదయింది. 2022 ఏప్రిల్ 3న అర్ధరాత్రి దాటాక 1.10 గంటలకు తిరుపతికి ఈశాన్యంగా 85 కి.మీ. దూరంలో మరొకటి వచ్చింది. దాని పరిమాణం కూడా 3.6.

ఇక్కడ రెండు పదాలను వేరుగా గుర్తుంచుకోవాలి. భూకంపం పుట్టినచోట విడుదలైన శక్తికి కొలత పరిమాణం. ఒక భూకంపానికి ఒకే పరిమాణం ఉంటుంది. ఒక ఊళ్లో నేల ఎంతగా కదిలిందో, ఇళ్లు ఎంత దెబ్బ తిన్నాయో చెప్పేది తీవ్రత. ఇది ఊరికీ ఊరికీ మారుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది.

3.6 పరిమాణం గల భూకంపం 85 కి.మీ. దూరంలో వస్తే మన బల్ల మీది రోబో పడిపోదు. చాలామందికి మెలకువ కూడా రాదు. మరి ఈ పాఠం ఎందుకు? 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 పరిమాణం గల భూకంపం వచ్చి దాదాపు పది వేల మంది మరణించారు. అది కూడా ద్వీపకల్పమే. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి మండలంలో ఉండేది. 3.6తో పోల్చితే 6.2లో విడుదలయ్యే శక్తి సుమారు 8 వేల రెట్లు. అరుదుగా జరిగేదానికి సిద్ధపడటం ఖరీదైన పని అయితే వెనుకాడవచ్చు. ఇక్కడ కావలసినది ఒక చెక్క పీట, రెండు దారాలు, ఒక చాప మాత్రమే.

భారత ప్రమాణం ఐ.ఎస్. 1893 (2016) ప్రకారం ఆంధ్రప్రదేశ్ రెండో, మూడో భూకంప మండలాల్లో ఉంది. చెన్నై మూడో మండలంలో ఉంది. రెండో మండలానికి గుణకం 0.10, మూడో మండలానికి 0.16. అంటే, ఆ మండలంలో ఊహించదగిన పెద్ద భూకంపంలో నేల త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 0.10 లేదా 0.16 వంతు ఉండవచ్చునని అర్థం. మన లెక్కలకు ఈ రెండు అంకెలనూ వాడుకుందాం.

7.3 నిలబడిన వస్తువు ఎందుకు పడుతుంది?

బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడిన ప్రయాణికుడు వెనక్కి తూలుతాడు. పాదాలు బస్సుతోపాటు ముందుకు పోతాయి. శరీరం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. భూకంపంలో రోబోకు జరిగేది కూడా ఇదే. బల్ల దాని పాదాలను పక్కకు లాగుతుంది, మొండెం వెనకబడుతుంది.

వస్తువు బరువంతా కేంద్రీకృతమై ఉన్నట్లు భావించే బిందువును గరిమనాభి అంటాం. గరిమనాభి ఎంత కిందికి ఉంటే, పాదాల వైశాల్యం ఎంత ఎక్కువగా ఉంటే వస్తువు అంత స్థిరం. తంజావూరు బొమ్మను ఎంత వంచినా తిరిగి లేచి నిలబడుతుంది. దాని గుండ్రటి అడుగున బరువు ఉండటం వల్ల గరిమనాభి బాగా కింద ఉంటుంది. మన రోబో దీనికి సరిగ్గా వ్యతిరేకం. బ్యాటరీ, బోర్డు, చేతుల మోటార్లు అన్నీ పైనే ఉంటాయి. పాదాలు చిన్నవి.

గట్టి వస్తువు ఒరగడం మొదలుపెట్టే హద్దును ఒక చిన్న సూత్రం చెబుతుంది:

ఒరిగే హద్దు = గరిమనాభి నుంచి పాదం అంచుకు అడ్డంగా ఉన్న దూరం ÷ గరిమనాభి ఎత్తు

వచ్చే విలువ గురుత్వ త్వరణంలో ఎన్నో వంతో చెబుతుంది. పాదం పొడవు 10 సెం.మీ., గరిమనాభి సరిగ్గా పాదం మధ్యకు పైన 20 సెం.మీ. ఎత్తున ఉన్న రోబోను తీసుకుందాం. అంచుకు దూరం 5 సెం.మీ. కనుక:

- నిటారుగా నిలబడితే: 5 ÷ 20 = 0.25
- మోకాళ్లు వంచి గొంతుకూర్చుని గరిమనాభి 12 సెం.మీ.కు దిగితే: 5 ÷ 12 = 0.42
- వెల్లకిలా పడుకుంటే (పక్కకు 8 సెం.మీ., ఎత్తు 4 సెం.మీ.): 8 ÷ 4 = 2.0

పడుకున్న రోబో మన ప్రాంతంలో ఊహించదగిన ఏ కుదుపుకూ ఒరగదు. జారితే జారుతుంది.

హద్దు దాటితే వస్తువు ఒరగడం మొదలవుతుంది, కాని తప్పకుండా పడిపోతుందని కాదు. కుదుపు క్షణంలో ఆగిపోతే ఊగి మళ్లీ నిలబడవచ్చు. అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ హౌస్‌నర్ 1963లో ఈ విషయాన్ని పరిశీలించాడు. ఒకే నిష్పత్తిలో ఉన్న రెండు వస్తువుల్లో పెద్దది ఎక్కువ స్థిరమని ఆయన చూపించాడు. 1960 చిలీ భూకంపంలో, చూడటానికి ఎంతో అస్థిరంగా కనిపించే పొడవాటి నీటి ట్యాంకులు నిలిచి ఉండటం ఆ పరిశోధనకు ప్రేరణ. దీని నుంచి మనం నేర్చుకోవలసిన విషయం ఏమిటంటే, నిలువెత్తు మరమనిషి తట్టుకున్న కుదుపుకు అదే ఆకారంలో ఉన్న జానెడు మరమనిషి పడిపోవచ్చు. చిన్నది కాబట్టి భయం లేదనుకోకూడదు.

7.4 పై అంతస్తులో లెక్క మారుతుంది

నేల కదలిక మేడ పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. కొబ్బరిచెట్టు మొదలు కొద్దిగా కదిలితే తల ఎక్కువగా ఊగినట్టే ఇదీ. భవనంలోని సామగ్రి రూపకల్పనకు అమెరికా ప్రమాణాల్లో చాలాకాలం వాడిన సులభమైన అంచనా ఇది:

పెరుగుదల = 1 + 2 × (ఆ అంతస్తు నేల ఎత్తు ÷ భవనం మొత్తం ఎత్తు)

మూడంతస్తుల ఇంట్లో అన్నిటికన్నా పై అంతస్తు గదిలో రోబో ఉందనుకోండి. ఆ గది నేల భవనం ఎత్తులో మూడింట రెండు వంతుల ఎత్తున ఉంటుంది. పెరుగుదల 1 + 2 × 2/3, అంటే 2.33 రెట్లు.

- రెండో మండలంలో: 0.10 × 2.33 = 0.23
- మూడో మండలంలో: 0.16 × 2.33 = 0.37

నిటారుగా నిలబడిన రోబో హద్దు 0.25. రెండో మండలంలో అది అంచుమీద నిలుస్తుంది. మూడో మండలంలో ఒరుగుతుంది. గొంతుకూర్చున్న రోబో హద్దు 0.42. అది రెండు మండలాల్లోనూ నిలుస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా, భంగిమ మార్చినంత మాత్రాన ఫలితం మారింది. ఈ పాఠంలోని ప్రధాన విషయం ఇదే.

అయితే ఇది గది నేల కదలికకు వేసిన లెక్క. కాళ్లు వదులైన బల్ల, గోడకు బిగించని అలమర తమంతట తాము మరింత ఊగుతాయి. అందువల్ల రోబోను నిలిపే బల్ల కదలకుండా ఉండటం అవసరం.

ప్రయోగం: మీ రోబో హద్దును మీరే కొలవండి

60 సెం.మీ. పొడవున్న చెక్క పలకను నేలమీద పెట్టండి. దాని మీద రోబోను విశ్రాంతి భంగిమలో నిలపండి. పాదాలు జారకుండా ముందు సన్నని చెక్కముక్క అంటించండి. చుట్టూ దిండ్లు పేర్చండి. ఒకరు చేయి అడ్డం పెట్టి సిద్ధంగా ఉండాలి. పాదాల వెనుక వైపున్న పలక చివరను మెల్లగా పైకి లేపండి. రోబో ముందుకు ఒరగడం మొదలయ్యే క్షణంలో ఆగి, లేపిన ఎత్తును నేలమీది అడ్డు దూరంతో భాగించండి. 15 సెం.మీ. లేపినప్పుడు ఒరిగితే అడ్డు దూరం సుమారు 58 సెం.మీ., హద్దు 15 ÷ 58, అంటే సుమారు 0.26. వెనక్కి, పక్కలకు కూడా ఇలాగే కొలవండి. వచ్చిన వాటిలో తక్కువ విలువనే మీ రోబో హద్దుగా తీసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) పాదం పొడవు 14 సెం.మీ., గరిమనాభి ఎత్తు 20 సెం.మీ. అయిన రోబో ఒరిగే హద్దు ఎంత?
ఆ) మూడో మండలంలో, రెండంతస్తుల ఇంటి పై అంతస్తు నేలమీద (భవనం ఎత్తులో సగం) ఆ రోబో ఒరుగుతుందా?

7.5 పడితే ఎంత దెబ్బ?

రెండు కిలోల రోబో 75 సెం.మీ. ఎత్తున్న బల్ల మీద నుంచి పడితే నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 3.8 మీటర్లు. శక్తి సుమారు 15 జౌళ్లు. అదే రోబో సుమారు 195 సెం.మీ. ఎత్తున్న బీరువా మీద నుంచి పడితే వేగం సెకనుకు 6.2 మీటర్లు, శక్తి 38 జౌళ్లు. అల్యూమినియం అంచులున్న రెండు కిలోల వస్తువు నిద్రపోతున్న మనిషి తలమీద పడటం గురించి ఆలోచించండి. పిల్లలకు అందకుండా ఉంటుందని రోబోను బీరువా ఎక్కించడం మన ఇళ్లలో మామూలే. భూకంప దృష్టితో చూస్తే ఇంట్లో అంతకన్నా అపాయకరమైన చోటు లేదు.

దెబ్బ తీవ్రత పడిన ఎత్తు మీదనే కాక, ఎంత దూరంలో ఆగిందనే దాని మీద కూడా ఆధారపడుతుంది. సగటు రుణత్వరణం గురుత్వానికి ఎన్ని రెట్లో తెలియాలంటే పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించాలి. 75 సెం.మీ. నుంచి పడి గచ్చు మీద 2 మి.మీ.లో ఆగితే 750 ÷ 2 = 375 రెట్లు. మెత్తటి చాప మీద 20 మి.మీ. నలిగి ఆగితే 750 ÷ 20 = 37.5 రెట్లు. అందువల్ల బల్ల చుట్టూ నేలమీద మందపాటి చాపగాని, వ్యాయామానికి వాడే ఫోమ్ షీటు మడతలుగాని పరచడం మంచిది. ఆ మెత్తటి షీటును రోబో పాదాల కింద మాత్రం వేయకూడదు. పాదం ఒకవైపు కుంగితే రోబో మరింత తేలికగా ఒరుగుతుంది.

పడినప్పుడు ముందుగా చెడేవి సర్వో మోటారు గేర్లు. చేయి బిగిసి ఉండగా నేలను తాకితే ఆ దెబ్బంతా పళ్లచక్రాల మీద పడుతుంది. ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి, లోహపు పళ్లు అరుగుతాయి. పడిన తరవాత కూడా మోటారు తన పాత భంగిమ కోసం పెనుగులాడుతూనే ఉంటే వేడెక్కి కాలిపోతుంది. విరివిగా వాడే ఎం.జి.996ఆర్ వంటి సర్వో కదలలేక నిలిచిపోయినప్పుడు సుమారు 2.5 ఆంపియర్ల విద్యుత్తు లాగుతుంది. ఇటువంటివి 17 ఒకేసారి నిలిచిపోతే 40 ఆంపియర్లు దాటుతుంది. తీగలకు, బ్యాటరీకి అది మోయలేని భారం.

7.6 ముందు జాగ్రత్తలు

1. చోటు: వీలైతే కింది అంతస్తులో, గోడ మూలన, తక్కువ ఎత్తున్న గట్టి బల్ల మీద ఉంచండి. మంచం తల వైపున, తలుపు దారిలో, బరువైన పుస్తకాల అలమర కింద ఉంచకండి. దసరా బొమ్మల కొలువులో బరువైన బొమ్మలను కింది మెట్ల మీద పెట్టే ఇల్లాలి వివేకం ఇక్కడా పనికొస్తుంది.

2. భంగిమ: వాడకం అయిపోగానే రోబోను గొంతుకూర్చోబెట్టాలి. అయితే విద్యుత్తు తీసేస్తే కీళ్లు వదులై కూలబడుతుంది. విద్యుత్తు ఉంచితే మోకాలి మోటార్లు గంటల తరబడి బరువు మోసి వేడెక్కుతాయి. దీనికి ఉపాయం చిన్న చెక్క పీట. దాని మీద కటిభాగం ఆనేలా కూర్చోబెట్టి విద్యుత్తు తీసేయండి. బరువు పీట మోస్తుంది. వారాల తరబడి వాడకపోతే పెట్టెలో, ఫోమ్ మధ్య పడుకోబెట్టడం అన్నిటికన్నా మేలు.

3. జారకుండా, అంచు దాటకుండా: పాదాలకు రబ్బరు అంటిస్తే జారదు గదా అని చాలామంది అనుకుంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఘర్షణ గుణకం ఒరిగే హద్దు కన్నా తక్కువగా ఉంటే వస్తువు జారుతుంది, ఎక్కువగా ఉంటే ఒరుగుతుంది. నిటారుగా నిలబడిన రోబోకు రబ్బరు అంటిస్తే జారవలసిన వస్తువు ఒరిగే వస్తువుగా మారుతుంది. కాబట్టి ముందు భంగిమ తగ్గించాలి, ఆ తరవాతే రబ్బరు. బల్ల అంచుల చుట్టూ రెండు మూడు సెం.మీ. ఎత్తున చెక్క పట్టీ కొడితే జారిన రోబో కింద పడదు.

4. దారం కట్టు: మ్యూజియంలలో విలువైన వస్తువులను సన్నని దారాలతో, మైనంతో బిగించి భూకంపాల నుంచి కాపాడతారు. మనం రోబో ఛాతీ పలకకు రెండు నైలాన్ దారాలు కట్టి గోడలోని కొక్కేలకు వేరువేరు దిక్కుల్లో తగిలించవచ్చు. దారం గరిమనాభి కన్నా పైన ఉండాలి, కొద్దిగా మాత్రమే వదులుండాలి. చేతికి గాని తలకు గాని కట్టకూడదు. కుదుపు ఆ కీలు గేర్ల మీద పడుతుంది.

5. ప్రోగ్రాములో రక్షణ: రోబోలో వంపును, త్వరణాన్ని కొలిచే సెన్సారు ఉంటే రెండు నియమాలు రాయవచ్చు. ఒకటి, రోబో నడవకుండా ఊరకే నిలబడి ఉన్నప్పుడు ఒక సెకను పాటు త్వరణం అటూ ఇటూ మారుతూ ఉంటే మెల్లగా గొంతుకూర్చోవాలి. నడకలో ఉన్నప్పుడు ఈ నియమం పనిచేయకూడదు. తన అడుగుల కుదుపునే భూకంపంగా పొరబడుతుంది. రెండు, వంపు 45 డిగ్రీలు దాటితే చేతులు దగ్గరికి ముడిచి, మోటార్ల బిగువు వదిలేయాలి. నిటారు నుంచి పడటానికి పట్టే సమయం సుమారు అర సెకను మాత్రమే. కనుక ఈ నిర్ణయాన్ని రోబోలోని బోర్డే తీసుకోవాలి, బయటి కంప్యూటరుకు అడిగి తీసుకోవడానికి వ్యవధి ఉండదు.

6. హెచ్చరిక: భూకంపంలో ముందు వచ్చే పి-తరంగాలు సెకనుకు సుమారు 6 కి.మీ., వెనుక వచ్చి ఎక్కువ నష్టం చేసే ఎస్-తరంగాలు సుమారు 3.5 కి.మీ. వేగంతో ప్రయాణిస్తాయి. 85 కి.మీ. దూరంలో ఈ రెండింటి మధ్య వ్యవధి పది సెకన్లు. ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంప హెచ్చరికలు మన దేశంలో 2023 సెప్టెంబరు నుంచి అందుబాటులోకి వచ్చాయి. ఇవి 4.5, అంతకు మించిన పరిమాణం గల భూకంపాలకు పనిచేస్తాయి. హెచ్చరిక వచ్చిన ఆ కొద్ది సెకన్లు మీవి, మీ ఇంట్లోవాళ్లవి. రోబో కోసం వాటిని ఖర్చు పెట్టకండి.

7.7 బ్యాటరీ సంగతి

రోబో పడితే నష్టం. బ్యాటరీ పగిలితే ప్రమాదం. చాలా రోబోల్లో లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంటుంది. దాని పైతొడుగు పలచటిది. దెబ్బకు లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే వేడి పుట్టి మంట లేస్తుంది. ఆ మంట వెంటనే రాకపోవచ్చు. కొన్ని గంటల తరవాత, లేదా మళ్లీ చార్జింగుకు పెట్టినప్పుడు రావచ్చు. భూకంపం వచ్చిన రాత్రి ఇంట్లో నిప్పంటుకోవడం ఎంత ఘోరమో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి రోబోను పక్కన పెట్టినప్పుడు బ్యాటరీని విడిగా తీయాలి. నిల్వ ఉంచేటప్పుడు ఒక్కో సెల్లుకు సుమారు 3.8 వోల్టులు ఉండేలా చూడాలి. నిండుగా 4.2 వోల్టులకు చార్జి చేసి వారాల తరబడి ఉంచకూడదు. అడుగున పొడి ఇసుక పోసిన మట్టి కుండలో, గ్యాస్ సిలిండరుకు, పరుపులకు దూరంగా ఉంచడం మంచిది. కుండ మూతను బిగించకూడదు. మనిషి దగ్గర లేకుండా చార్జింగు పెట్టకూడదు.

7.8 భూమి కంపిస్తున్నప్పుడు

కిందికి వంగి, గట్టి బల్ల కిందికి చేరి, తల, మెడ చేతులతో కాపాడుకొని, బల్ల కాలు పట్టుకోండి. కిటికీ అద్దాలకు, బీరువాకు, రోబోకు దూరంగా ఉండండి. పడుతున్న రోబోను పట్టుకోకండి. దాని మోటార్లు తిరుగుతూ ఉంటే వేళ్లు కీళ్ల మధ్య నలుగుతాయి. కుదుపు ఆగిన తరవాత మెట్ల మీదుగా బయటికి రండి. లిఫ్టు వాడకండి. రోబో కోసం వెనక్కి వెళ్లకండి. ఆ తరవాత చిన్న ప్రకంపనలు మళ్లీ రావచ్చు.

7.9 కుదుపు ఆగిన తరవాత

ఇల్లు సురక్షితమని నిర్ధారించుకున్నాకే లోపలికి వెళ్లాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి, తీయకండి. రోబోను ఈ వరసలో పరీక్షించండి.

1. ముందు బ్యాటరీ. ఉబ్బినా, నొక్కుపడినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, వేడిగా ఉన్నా దానిని ఆరుబయట ఇసుకలో ఉంచండి. మళ్లీ ఎప్పుడూ చార్జి చేయకండి. మంట లేస్తే దూరంగా జరిగి 101కు గాని 112కు గాని ఫోన్ చేయండి.
2. బ్యాటరీ లేకుండానే ప్రతి కీలును చేత్తో మెల్లగా తిప్పండి. ఒకచోట తట్టుకున్నట్టు, జారినట్టు అనిపిస్తే ఆ గేరు దెబ్బతిన్నది.
3. మరలు, పట్టీలు, తీగలు చూడండి. తొడుగు లేచిన తీగను మార్చండి.
4. రోబోను దారంతో వేలాడదీసి, మంచి బ్యాటరీతో ఒక్కొక్క మోటారునే కదిలించండి.
5. సెన్సారును సమతలం మీద పెట్టి మళ్లీ సరిచేయండి. ఆ తరవాతే నేలమీద నిలపండి.

7.10 రోబో నుంచి ఇంటికి

ఈ పాఠంలోని లెక్క రోబోకు మాత్రమే పరిమితం కాదు. బీరువా, ఫ్రిజ్, టీవీ, నీళ్ల డ్రమ్ము, నిలబెట్టిన గ్యాస్ సిలిండరు అన్నిటికీ అదే సూత్రం. 45 సెం.మీ. లోతు, 195 సెం.మీ. ఎత్తు ఉన్న బీరువాను తీసుకోండి. గరిమనాభి మధ్యలో ఉందనుకుంటే హద్దు 22.5 ÷ 97.5 = 0.23. అది నిటారుగా నిలబడిన మన రోబో హద్దు కన్నా తక్కువ. హౌస్‌నర్ చెప్పినట్టు పెద్ద వస్తువు కనుక అది ఊగి నిలిచే అవకాశం ఎక్కువే. అయినా పడితే రోబోలా గేరు విరగడంతో పోదు. రోబోకు దారం కట్టిన రోజునే బీరువాకు రెండు ఇనుప పట్టీలు వేసి గోడకు బిగించండి. పై అరల్లోని బరువులను కింది అరల్లోకి దించండి.

7.11 సారాంశం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇటీవల నమోదైన భూకంపాలు చిన్నవి. అయినా ద్వీపకల్పంలో పెద్ద భూకంపం రాదని చెప్పడానికి వీల్లేదని కిల్లారి అనుభవం తెలుపుతుంది. వస్తువు ఒరిగే హద్దు గరిమనాభి నుంచి పాదం అంచుకు ఉన్న అడ్డు దూరానికి, గరిమనాభి ఎత్తుకు ఉన్న నిష్పత్తి. పై అంతస్తుల్లో కుదుపు పెరుగుతుంది. రోబోను గొంతుకూర్చోబెట్టడం, పడుకోబెట్టడం, దారంతో కట్టడం, కింద చాప పరచడం చవకైన రక్షణ మార్గాలు. బ్యాటరీని విడిగా ఉంచాలి. కంపన సమయంలో మనిషి ప్రాణం తప్ప మరేదీ ముఖ్యం కాదు.

7.12 పదకోశం

అధికేంద్రం: భూకంపం పుట్టిన చోటుకు సరిగ్గా పైన భూమి ఉపరితలంపై ఉన్న బిందువు. పై దూరాలన్నీ దీని నుంచి కొలిచినవే.
గరిమనాభి: వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు.
రుణత్వరణం: వేగం తగ్గే రేటు.
సర్వో: చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే మోటారు.

7.13 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. అ) 7 ÷ 20 = 0.35. ఆ) పెరుగుదల 1 + 2 × 1/2 = 2 రెట్లు; 0.16 × 2 = 0.32. ఇది 0.35 కన్నా తక్కువ కనుక ఒరగదు. అయితే తేడా చాలా తక్కువ, కనుక గొంతుకూర్చోబెట్టడమే మేలు.

7.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నిలబడిన వస్తువు ఒరిగే హద్దును ఉదాహరణలతో వివరించి, భవనం ఎత్తు దానిపై చూపే ప్రభావాన్ని చర్చించండి.
2. మానవాకార రోబోకు భూకంపానికి ముందు, భూకంప సమయంలో, తరవాత తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పరిమాణానికి, తీవ్రతకు భేదం ఏమిటి?
2. రోబో పాదాలకు రబ్బరు అంటించడం ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది?
3. మీ ఇంట్లోని మూడు వస్తువుల ఒరిగే హద్దు కొలిచి, వాటిలో ముందుగా దేనిని బిగించాలో కారణంతో రాయండి.